వట్టికాళ్ళతో నడిచిన శ్రీరాములుగారు

మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ఒక చక్కని కథ ఉన్నది. గొడుగు, చెప్పులు దానం చేసే ఆచారం ఎలా పుట్టిందని ధర్మరాజు అడిగితే భీష్ముడు చెప్పిన కథ అది. ఒకనాడు జమదగ్ని మహర్షి వినోదంగా బాణాలు వేస్తూ ఉంటే, భార్య రేణుకాదేవి వాటిని ఏరి తెచ్చి ఇస్తూ ఉన్నది. జ్యేష్ఠమాసం, నడిమధ్యాహ్నం. పైన ఎండకు తల మాడుతున్నది, కింద నేలకు కాళ్ళు బొబ్బలెక్కుతున్నవి. ఆ ఇల్లాలు తాళలేక ఒక చెట్టు నీడన కాసేపు నిలబడి ఆలస్యంగా వచ్చింది. సంగతి తెలిసిన మహర్షి కోపంతో సూర్యుని మీదికే విల్లెక్కుపెట్టాడు. అప్పుడు సూర్యుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి ఆయనను శాంతింపజేసి, తలకు గొడుగు, కాళ్ళకు చెప్పులు ఇచ్చిపోయాడట. నాటినుండి ఆ రెండింటి దానం పుణ్యకార్యమైనది. ఉగాదితో ఎండలు మొదలవుతాయి గనుక, చలివేంద్రాలు పెట్టడం, విసనకర్రలు, గొడుగులు, చెప్పులు పంచిపెట్టడం మన పెద్దల నాటినుండి వస్తున్న వాడుకే.

సూర్యభగవానుడు స్వయంగా ఇచ్చాడని చెప్పుకొనే ఆ రెండు వస్తువులనూ విడిచిపెట్టి, నెల్లూరు వీధుల్లో మండుటెండలో తిరిగిన తెలుగువాడు ఒకరుండేవారు. తలకు గొడుగు లేదు. కాళ్ళకు చెప్పులు లేవు. మెడలో మాత్రం ఒక అట్ట వేలాడుతూ ఉండేది. దళితుల పట్ల జరుగుతున్న అన్యాయాన్ని మాన్పవలసిందని చెప్పే మాటలు దానిమీద వ్రాసి ఉండేవి. చూసినవారు పిచ్చివాడనేవారు. ఆయనే తరువాత అమరజీవి అని జాతి చేత పిలిపించుకొన్న పొట్టి శ్రీరాములుగారు.

శ్రీరాములుగారి పేరు వినని తెలుగు బిడ్డ ఉండడు. ఆంధ్రదేశంలో ఊరూరా ఆయన విగ్రహం ఉన్నది. 58 రోజులు అన్నం మాని ప్రాణం విడిచి ఆంధ్రరాష్ట్రం తెచ్చిన మహనీయుడని బడిపిల్లవాడు కూడా చెబుతాడు. కాని ఆ 58 రోజులకు ముందు ఆయన నడిచిన దారిని గురించి చెప్పుకోవడం తక్కువ. రాష్ట్రపు ఎల్లలకు వెలుపల స్థిరపడిన మనవంటివారికి ఆ దారి ముఖ్యమైనది. ఎందువల్లనో ఆయన జీవితం చెప్పుకొంటూ పోతే మనకే తెలుస్తుంది.

మొదట గుర్తుంచుకోవలసినది, శ్రీరాములుగారు కూడా వలస వచ్చిన కుటుంబపు బిడ్డే. వారి పూర్వులది పూర్వపు నెల్లూరు జిల్లాలో కనిగిరి ప్రాంతపు పడమటిపల్లె గ్రామం. వానలు లేని మెట్టప్రాంతం. కరువు కాటకాలకు తాళలేక ఆ కుటుంబం చెన్నపట్నం చేరింది. అక్కడ జార్జిటౌనులో అణ్ణాపిళ్ళె వీధిలోని 165వ నంబరు ఇంట 1901 మార్చి 16వ తేదీన గురవయ్య, మహాలక్ష్మమ్మ దంపతులకు ఆయన జన్మించారు. ఊరు విడిచి, పొట్ట చేత పట్టుకొని పట్నం చేరిన ఎన్నో తెలుగు కుటుంబాల కథే వారిదీను. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, బడిలో ఇంగ్లీషు వినిపించే ఊళ్ళో పెరగడమంటే ఏమిటో మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

ఇరవై యేళ్ళ వరకు చదువు చెన్నపట్నంలోనే సాగింది. తరువాత బొంబాయి వెళ్ళి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగు చదివారు. మురుగు పోయే దారి, మంచినీరు వచ్చే దారి, మనిషి ఆరోగ్యానికి ఊరు ఎలా కట్టుకోవాలి అనేదే ఆ చదువు. ఆపైన గ్రేట్ ఇండియన్ పెనిన్సులర్ రైల్వేలో ఉద్యోగంలో చేరి సుమారు నాలుగేళ్ళు పనిచేశారు. ఆనాటికే బొంబాయిలో తెలుగువారు వేలకు వేలున్నారు. కామాఠీపురాకు ఆ పేరు వచ్చినది తెలుగుదేశం నుండి కూలికి వెళ్ళి ఆ నగరాన్ని కట్టిన కామాఠీల వల్లనే. శ్రీరాములుగారికి మాత్రం కూలిపని తప్పింది. రైల్వే ఉద్యోగం, నెలనెలా జీతం, కాళ్ళకు బూట్లు వేసుకొని కచ్చేరీకి పోయే హోదా. వలసపోయిన కుటుంబం తమ కుర్రవాడికి ఏది దొరకాలని కోరుకొంటుందో అదంతా ఆయనకు దొరికింది.

అంతలో ఇల్లు కూలిపోయింది. 1920ల చివర పుట్టిన పసిబిడ్డ పోయింది. ఆ దుఃఖం ఆరకముందే భార్య కూడా కన్నుమూసింది. ఇంకా ముప్పై నిండలేదు. అటువంటి దెబ్బ తగిలినప్పుడు కొందరు పనిలో తలదూర్చుకొంటారు, కొందరికి ఇంట్లోవారే మళ్ళీ పెళ్ళి చేస్తారు. ఆయన రెండూ ఒల్లలేదు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. తనకున్న ఆస్తి తల్లికీ అన్నదమ్ములకూ పంచి ఇచ్చి, సబర్మతి ఆశ్రమానికి గాంధీమహాత్ముని దగ్గరకు వెళ్ళిపోయారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. ఆ తరువాత గుజరాతులోని రాజకోట ప్రాంతంలోనూ, కృష్ణాజిల్లా కొమరవోలులోని గాంధీ ఆశ్రమంలోనూ గ్రామసేవ చేశారు. 1941లో వ్యక్తి సత్యాగ్రహం, 1942లో క్విట్ ఇండియా ఉద్యమం, మళ్ళీ జైళ్ళు.

గాంధీగారి శిష్యరికమంటే ఖద్దరు కట్టడం, రాట్నం వడకడం అని మాత్రమే మనం అనుకొంటాము. పాదరక్షల విషయంలోనూ ఆ గురువుగారి జీవితంలో పాఠమున్నది. దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో ఉన్న రోజుల్లో గాంధీగారు చెప్పులు కుట్టే పని నేర్చుకొన్నారు. తమను జైల్లో పెట్టించిన జనరల్ స్మట్స్‌కు తాము కుట్టిన చెప్పులజత బహూకరించి 1914లో ఆ దేశం విడిచివచ్చారు. స్మట్స్ దానిని భద్రపరచి, 1939లో గాంధీగారికి డెబ్బై యేళ్ళు నిండిన సందర్భంలో తిరిగి పంపించారు. తోలు ముట్టడమే మైల అనుకొనే దేశంలో ఒక వైశ్యుల ఇంటి బారిష్టరు చెప్పులు కుట్టడం చిన్న విషయం కాదు. అదే గాంధీగారు 1947 జనవరిలో నవఖాళీలో, హిందూ ముస్లిముల మధ్య రక్తం చిందిన పల్లెల్లో, చెప్పులు విడిచి వట్టికాళ్ళతో ఊరూరా నడిచారు. అప్పుడు వారి వయస్సు 77 సంవత్సరాలు. ఒకప్పుడు తన చేతులతో చెప్పులు కుట్టి ఇవ్వడం, మరొకప్పుడు తన చెప్పులు తానే విడవడం, రెండూ ఎదుటివాడి బాధను తన ఒంటిమీదికి తెచ్చుకొనే ప్రయత్నాలే.

శ్రీరాములుగారు 1943-44 ప్రాంతాన నెల్లూరు జిల్లాలో చరఖా ప్రచారం చేశారు. తమ పూర్వులు కరువుకు విడిచిపోయిన జిల్లాకే సేవ చేయడానికి తిరిగివచ్చారన్నమాట. జీవితపు చివరి సంవత్సరాల్లో నెల్లూరులోనే ఉండి దళితుల పని పూనుకొన్నారు. ఆ రోజుల్లో హరిజనోద్ధరణ అనేవారు దానిని. అప్పుడే ఆ మెడలో అట్ట, ఆ వట్టికాళ్ళ నడక.

నెల్లూరు ఎండలు తెలియనివారికి ఈ మాట తేలికగా అనిపించవచ్చు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళే పగిలే ఎండలో వీధిలోని మట్టి, రాయి, ఇసుక ఎంత కాలుతాయో చెప్పనక్కరలేదు. అటువంటి నేలమీద అరికాలు మోపి నాలుగడుగులు వేస్తే ఐదో అడుగు నీడ కోసం వెదుకుతుంది. శ్రీరాములుగారు ఆ నీడ వెదకలేదు. పైగా ఆయన ఊరి పారిశుద్ధ్యశాస్త్రం చదువుకొన్నవారు. మురికినేల మీద వట్టికాళ్ళతో తిరిగితే ఏయే రోగాలు వస్తాయో తెలియని అమాయకులు కారు. తెలిసి చేశారు.

ఇక్కడ ఆగి, వట్టికాళ్ళతో నడవడం మన తెలుగువారి జీవితంలో ఏమిటో కొంచెం ఆలోచించాలి. మనకు అది కొత్త కాదు. చెప్పులతో ఇంట్లోకి రావడం మన ఇళ్ళలో ఉండదు. గుమ్మం బయట విడిచి, కాళ్ళు కడుక్కొని లోపలికి వస్తాము. చుట్టం వస్తే ముందు కాళ్ళకు నీళ్ళిస్తాము. గుడిలోకి, వంటింట్లోకి చెప్పులతో పోము. పొలంలో దుక్కి దున్నేటప్పుడు, ధాన్యపురాశి దగ్గర, చెప్పులు విడవడం రైతుకు అలవాటు. అలిపిరి మెట్లెక్కి తిరుమల పోయేవారు, అరుణాచలం గిరిప్రదక్షిణ చేసేవారు వట్టికాళ్ళతోనే నడుస్తారు. అయ్యప్పమాల వేసుకొన్న తెలుగువారు మండలం రోజులు చెప్పు తొడగరు. ఎన్ని రాష్ట్రాలకు వలసపోయినా, ఎంత పెద్ద మేడలో కాపురమున్నా, తలుపు బయట చెప్పులు వరుసగా కనిపిస్తే అది మనవారి ఇల్లే అనిపిస్తుంది. ఇదంతా భక్తితో, మర్యాదతో, మనసారా విడిచే చెప్పు.

కాని మన పల్లెల్లో రెండో రకం వట్టికాళ్ళు కూడా ఉండేవి. పేదరికం వల్ల చెప్పులు కొనలేనివారి సంగతి ఒకటి. కొనగలిగినా తొడుక్కొనే హక్కు లేనివారి సంగతి మరొకటి. పెద్దకులాల వీధిలో దళితుడు చెప్పులు వేసుకొని నడవకూడదు. ఊళ్ళోకి రాగానే వాటిని విప్పి చేత పట్టుకొనో, చంకలో పెట్టుకొనో పోవాలి. అటు పొలిమేర దాటిన తరువాతనే మళ్ళీ తొడుక్కోవాలి. చాలా ఊళ్ళలో ఇది వ్రాయని చట్టంగా నడిచింది. ఇందులో మరీ ఘోరమేమిటంటే, ఊరందరికీ చెప్పులు కుట్టి ఇచ్చినది మాదిగ సోదరుడే. తోలు ఊనినది ఆయన, అంటు కోసినది ఆయన, కుట్టినది ఆయన, కిర్రుమని మోగేటట్లు చేసి రైతు కాలికి సరిచూసి తొడిగినది ఆయన. ఆ రైతు ఇంటిముందు నడిచేటప్పుడు మాత్రం ఆయన కాళ్ళకు చెప్పు ఉండరాదు.

కాబట్టి చెప్పులు లేని కాళ్ళన్నీ ఒకటి కావు. దేవుని ఎదుట మనంతట మనం విడిచిన చెప్పు మన మనస్సును వంచుతుంది. తోటిమనిషి ఎదుట బలవంతాన విప్పించిన చెప్పు ఆ మనిషి నడుమును వంచుతుంది. మొదటిది ఆచారం, రెండోది అవమానం. చిత్రమేమిటంటే ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, ఈ రెండూ పక్కపక్కనే వందల ఏళ్ళు నడిచినా, మొదటి రకంవారు రెండో రకంవారి కాళ్ళవైపు చూడలేదు.

శ్రీరాములుగారు చూసినవారు. ఆయన పుట్టుకచేత వైశ్యులు. నెల్లూరులో ఏ వీధిలోనైనా ఆయన చెప్పులు వేసుకొని దర్జాగా తిరగవచ్చును, అడిగేవారు లేరు. అటువంటి హక్కు ఉన్న మనిషి, ఆ హక్కు లేనివారి కోసం అట్ట మెడలో వేసుకొని, వారి మాదిరిగా ఉత్తకాళ్ళతో వీధిన పడ్డారు. తన మనసులో ఏమనుకొని చెప్పులు విడిచారో మనం ఊహించి చెప్పనవసరం లేదు. ఆయన మెడలో ఉన్న అట్టను, ఆయన కాళ్ళనూ కలిపి చూస్తే చాలు, అర్థం అదే తెలుస్తుంది.

ఆయన నడకతోనే ఊరుకోలేదు. 1946లో నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులను రానివ్వాలని నిరాహారదీక్ష పట్టారు. ఆ గుడిముందు అందరూ చెప్పులు విడిచి లోపలికి పోయేవారే. దళితులకు మాత్రం విడవడానికి చెప్పూ లేదు, ప్రవేశించడానికి గుడీ లేదు. దీక్ష ఫలించింది, గుడి తలుపులు వారికి తెరుచుకొన్నాయి. మరుసటి సంవత్సరం, 1947లో, మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశానికి చట్టమే వచ్చింది. ఆ తరువాత దళితుల మేలు కోసం ప్రభుత్వం చేత పని చేయించడానికి శ్రీరాములుగారు మరొకసారి 23 రోజులు ఉపవాసం చేశారు. ఫలితంగా, కలెక్టర్లు వారానికి కనీసం ఒకరోజైనా దళితుల పనికి కేటాయించాలని మద్రాసు ప్రభుత్వం ఉత్తరువులిచ్చింది.

ఇన్ని సాధించినా ఆయనకు ఊళ్ళో జేజేలు పలికినవారు తక్కువ. మనం విగ్రహాలకు దండలు వేసే మనిషిని బ్రతికి ఉన్నప్పుడు పిచ్చివాడన్నారు. స్వరాజ్యం వచ్చింది, నిన్నటిదాకా జైల్లో కలిసి ఉన్నవారు పదవుల్లోకి వెళ్ళారు. ఈయన దీక్షలంటే ఆనాటి కాంగ్రెసులో పెద్ద సానుభూతి ఉండేది కాదు. పట్టినపట్టు విడవడని విసుక్కొనేవారు. ఆయన మాత్రం ఎవరు నవ్వినా, ఎవరు విసుక్కొన్నా, తన అట్టతో, తన వట్టికాళ్ళతో, తన వీధుల్లో తాను తిరుగుతూనే ఉన్నారు. పదిమంది మెచ్చుకొంటూ ఉంటే ఎండలో నడవడం ఒక పాటి కష్టం. పదిమంది నవ్వుతూ ఉంటే ఎండలో నడవడం వేరు.

ఇక ఆంధ్రోద్యమపు కథ మనకందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. 1913లో బాపట్లలో జరిగిన ఆంధ్రమహాసభ నాటినుండి తెలుగువారు తమకొక రాష్ట్రం కావాలని అడుగుతూనే ఉన్నారు. 1949లో జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి గార్ల సంఘం, మద్రాసు నగరం మీది హక్కు వదులుకొంటే ఆంధ్రరాష్ట్రం ఏర్పరచవచ్చునని నివేదించింది. దాని మీద తగవులు తెగలేదు. 1951లో స్వామి సీతారాంగారు 35 రోజులు ఉపవసించి విరమించారు. 1952 అక్టోబరు 19వ తేదీన శ్రీరాములుగారు మద్రాసులో, మైలాపూరులోని బులుసు సాంబమూర్తిగారి ఇంట దీక్ష మొదలుపెట్టారు. మద్రాసు నగరంతో కూడిన ఆంధ్రరాష్ట్రం కావాలన్నది కోరిక.

అంతకుముందు ఆయన చేసిన ఉపవాసాలన్నీ ఏదో ఒకనాటికి ముగిశాయి. ఈసారి ముగింపు రాలేదు. రోజులు వారాలైనాయి, వారాలు నెలలైనాయి. ప్రభుత్వం కదలలేదు. నెల్లూరు వీధులన్నీ తిరిగిన కాళ్ళు మంచం దిగలేని స్థితికి వచ్చాయి. అయినా మాట తప్పలేదు. 58వ రోజున, 1952 డిసెంబరు 15వ తేదీ రాత్రి, తాను పుట్టిన నగరంలోనే ఆయన కన్నుమూశారు. వయస్సు 51 సంవత్సరాలు.

ఆ వార్తకు ఆంధ్రదేశం అట్టుడికిపోయింది. రైళ్ళు ఆగాయి, కచ్చేరీల మీద దాడులు జరిగాయి. అనకాపల్లి, విశాఖపట్నంవంటి చోట్ల పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు కోల్పోయారు. ఒకరి ఒంటికి కూడా గాయం కారాదని బ్రతికిన మనిషి పేరుమీద ఇన్ని ప్రాణాలు పోవడం విచారించవలసిన విషయమే. డిసెంబరు 19వ తేదీన ప్రధాని నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రం ఏర్పాటును ప్రకటించారు. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడడానికి శ్రీరాములుగారి మరణమే దారితీసింది. సాంబమూర్తిగారి ఇల్లు రాయపేట హైరోడ్డులో ఆయన స్మారకభవనమైనది. 2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

ఆయన కోరికలో సగమే తీరింది. రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. ఆయన పుట్టిన అణ్ణాపిళ్ళె వీధి, ఆయన ప్రాణం విడిచిన ఇల్లు, రెండూ ఎల్లకు ఇవతలే ఉండిపోయాయి. గీత ఎక్కడ గీసినా ఇటు కొందరు, అటు కొందరు మిగులుతారు. చెన్నపట్నంలోనూ, హోసూరులోనూ, బళ్ళారిలోనూ, బరంపురంలోనూ, బొంబాయిలోనూ మనం అలా మిగిలినవారమే, లేక తరువాత బ్రతుకుతెరువుకు వచ్చి చేరినవారమే. ఆ కారణంచేత, శ్రీరాములుగారి త్యాగఫలం అక్కడివారిది, మనకు అందులో భాగం లేదు అని నిట్టూర్చే పెద్దలను మన సంఘాల్లో చూస్తూ ఉంటాము. రాష్ట్రం మాటవరకు ఆ నిట్టూర్పులో కొంత నిజం లేకపోలేదు.

అయితే ఆయన మనకు ఇచ్చిపోయినది రాష్ట్రం ఒక్కటే అనుకొంటేనే ఆ బాధ. 58 రోజుల దీక్షకు ఎల్లలున్నాయి, నెల్లూరులోని నడకకు ఎల్లలు లేవు. ఆ నడకలో భాగం ఏ రాష్ట్రంలో ఉన్న తెలుగువాడికైనా దక్కుతుంది, తీసుకొనే మనసుంటే. తీసుకోవలసిన అవసరం ఇంకా తీరలేదనడానికి ఒక్క నిదర్శనం చెబుతాను. అస్పృశ్యతను రాజ్యాంగం 1950లోనే నిషేధించింది. దళితులపై అత్యాచారాలను అరికట్టే చట్టం 1989లో వచ్చింది. ఆ చట్టానికి 2015లో సవరణ చేస్తూ, బహిరంగస్థలంలో చెప్పులు వేసుకొన్నందుకు దళితుణ్ణి అడ్డగించడం నేరమని పార్లమెంటు ప్రత్యేకంగా వ్రాయవలసివచ్చింది. శ్రీరాములుగారు పోయిన 63 ఏళ్ళకు కూడా, మనిషి కాలికి చెప్పు తొడుక్కొనే హక్కు కోసం చట్టంలో ఒక వాక్యం కావలసివచ్చిందంటే, ఆయన మెడలోని అట్ట ఇంకా దించే సమయం రాలేదనే గదా!

వలసవచ్చిన మనం ఒక విషయం ఒప్పుకోవాలి. ఊరు విడిచి వచ్చేటప్పుడు మన పెద్దలు భాషను తెచ్చారు, పండుగలను తెచ్చారు, గోంగూరను తెచ్చారు. వాటితోపాటు కులాల గీతలనూ మూటగట్టి తెచ్చారు. తెలుగువారమంతా ఒకటని సభల్లో చెప్పుకొంటూనే, పంక్తిలో, పెళ్ళిలో, అద్దె ఇంట్లో, ఆ మూట విప్పుతూ ఉంటాము. మన ఊళ్ళలో రోడ్లు ఊడ్చే పనికి, మురుగుకాలువల పనికి, చెప్పులు కుట్టే పనికి తరాల క్రితం వలసవచ్చిన తెలుగువారు ఉన్నారు. వారూ ఇంట్లో తెలుగే మాట్లాడుతారు, వారికీ ఇదే ఉగాది. మన సంఘంలో సభ్యుల పట్టీ చూసుకొంటే వారి పేర్లు ఎన్ని ఉన్నవో ప్రతి సంఘమూ తనను తాను అడిగి చూసుకోవలసిన ప్రశ్న. శానిటరీ ఇంజనీరింగు చదివి దళితుల కోసం వీధిన నడిచిన మనిషిని మన మహనీయుడని చెప్పుకొనేవారికి ఇది మరీ అవసరమైన ప్రశ్న.

పిల్లలకు ఒక్క మాట. శ్రీరాములుగారు చెప్పులు విడిచారని విని మీరూ వీధిలో వట్టికాళ్ళతో తిరగనక్కరలేదు. మురికినేలలో ఉండే కొంకిపురుగులు అరికాలి చర్మంగుండానే ఒంట్లోకి పోయి రక్తహీనత తెస్తాయి. మధుమేహమున్న పెద్దలు వట్టికాళ్ళతో నడిస్తే కాలికి దెబ్బ తగిలినా తెలియక పుండై, వేలో కాలో తీసివేయవలసిన స్థితి వస్తుంది. అటువంటివారు గుడిప్రదక్షిణకైనా వైద్యుని సలహా అడిగి, నేల చల్లగా ఉన్న వేళ చూసుకొని వెళ్ళడం మంచిది. ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడిచే అలవాటును మాత్రం విడవకండి. అది శుభ్రతకూ మంచిది, మర్యాదకూ మంచిది. విడిచేటప్పుడు, మన ఇంటికి పనికి వచ్చినవారు, సామాను తెచ్చినవారు, వారి చెప్పులు మన చెప్పుల పక్కనే విడిచి, మన మాదిరిగానే లోపలికి వచ్చి కూర్చుంటున్నారా, గుమ్మం బయటే నిలబడుతున్నారా అని ఒకసారి చూడండి.

ఈ ఉగాదినాడు వేపపూల పచ్చడి తిని, పంచాంగశ్రవణం విని, పెద్దలకు మ్రొక్కిన తరువాత, వీలున్నవారు ఒక పని చేయండి. రేణుకాదేవి కథను తలచుకొని, ఎండలో పనిచేసే ఒకరికి గొడుగో చెప్పులజతో కొని ఇవ్వండి. దానంగా గుమ్మంలోంచి చేయి చాచి ఇవ్వవద్దు. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మన ఇంట్లో ఉన్న పండుగ భోజనం పెట్టి, అప్పుడు ఇవ్వండి. ఎండకు కాలిన కాళ్ళు చల్లబడితే అదే మనం అమరజీవికి చేసే పూజ. తెలుగు కుటుంబాలన్నింటికీ ఈ నూతన సంవత్సరం శుభప్రదమగుగాక!